రెండు నాణేలకు మూడు ఫలితాలా, నాలుగా? ఏడో తరగతికి సంభావ్యత చెప్పడం గురించి

బడిగంట (గణిత ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. ఏడో తరగతికి సంభావ్యత పాఠం మొదలుపెట్టాను. ఒక నాణెం, ఒక పాచిక వరకు పిల్లలు చకచకా చెప్పేశారు. రెండు నాణేల దగ్గరికి వచ్చేసరికి పాఠం ఆగింది. రెండు రూపాయి బిళ్ళలు కలిపి ఎగరవేస్తే రెండూ బొమ్మే పడే సంభావ్యత ఎంత అని అడిగాను. ఒక అమ్మాయి లేచి 1/3 అంది. "రెండూ బొమ్మ పడవచ్చు, రెండూ బొరుసు పడవచ్చు, లేదా ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. నాలుగోది లేదు కదా టీచర్" అని లెక్క చెప్పింది.

బొమ్మ-బొరుసు వేరు, బొరుసు-బొమ్మ వేరు, కాబట్టి మొత్తం నాలుగు అని బోర్డు మీద రాశాను. ఆమె ఒప్పుకోలేదు. "బిళ్ళలు రెండూ ఒకేలా ఉన్నాయి. కింద పడ్డాక ఏది మొదటిదో, ఏది రెండోదో మీరైనా చెప్పగలరా?" అని అడిగింది. తరగతిలో చాలామంది ఆమె వైపే ఉన్నారు. నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. పుస్తకంలో 1/4 అని ఉంది, రాసుకోండి అని చెప్పి ముందుకు పోవడానికి మనసు ఒప్పడం లేదు. మీరైతే ఎలా ఒప్పిస్తారు?

పలకబలపం (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

అమ్మా, ముందు ఆ అమ్మాయిని అందరి ఎదుట మెచ్చుకోండి. ఆమె జాబితాలో తప్పేమీ లేదు. కంటికి కనిపించేవి మూడే. చిక్కంతా తర్వాతి అడుగులో ఉంది. మూడు ఉన్నాయి కాబట్టి మూడింటికీ సమాన అవకాశం ఉందనుకుంది. దానికి ఒక ప్రశ్న చాలు: "రేపు బడికి వచ్చే దారిలో నీకు ఏనుగు ఎదురుకావచ్చు, కాకపోవచ్చు. రెండే ఫలితాలు. మరి ఏనుగు కనిపించే సంభావ్యత సగమేనా?" ఫలితాలను లెక్కపెట్టి భాగించే ముందు వాటి బరువు, అంటే ఒక్కోటి పడే అవకాశం, సమానమా అని చూడాలన్న సంగతి వాళ్ళకే తడుతుంది. సమసంభవ ఘటనలు అని పుస్తకంలో ఒక్క వాక్యంలో దాటేసే విషయమే ఈ పాఠానికి ప్రాణం.

ఇక నాణేల సంగతి. ఒక రూపాయి బిళ్ళ, ఒక ఐదు రూపాయల బిళ్ళ ఇచ్చి ఫలితాలు రాయమనండి. నాలుగూ విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి ఆమే నాలుగు రాస్తుంది. అప్పుడు అడగండి: "ఐదు రూపాయల బిళ్ళ తీసేసి అక్కడ ఇంకో రూపాయి బిళ్ళ పెడితే నాణేలు పడే తీరు మారిపోతుందా?" మనం పోల్చుకోగలమా లేదా అన్నదానితో నాణేలకు పనిలేదు.

అప్పటికీ ఒప్పుకోకపోతే ఎగరవేయించండి. ఎగరవేసే ముందు మాత్రం రెండు జోస్యాలనూ బోర్డు మీద రాయించండి. వంద సార్లు వేస్తే ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు ఎన్నిసార్లు పడాలి? ఆమె లెక్కలో 33, పుస్తకం లెక్కలో 50. ముందే రాయకపోతే, వచ్చిన ఫలితాన్ని చూసి ఎవరికి నచ్చిన అర్థం వాళ్ళు చెప్పుకుంటారు.

సిద్దిపేట నాన్న

మా అబ్బాయి బడిలో ఇలాంటి ప్రయోగమే చేయించారట. వాడి జట్టుకు వచ్చిన అంకెలు పుస్తకంలోని సమాధానానికి దగ్గరగా లేవు. ఇంటికి వచ్చి, "నాన్నా, సంభావ్యత అంతా అబద్ధం" అన్నాడు. పలకబలపం గారూ, ప్రయోగం ఎదురు తిరిగితే టీచరు పరిస్థితి ఏమిటి? ఎన్నిసార్లు వేస్తే నమ్మవచ్చు?

గణాంకి (హైదరాబాద్)

నాన్నగారూ, మీ అబ్బాయి అనుమానం సరైనదే. కొద్దిసార్లు ఎగరవేస్తే ప్రయోగం ఏదీ తేల్చదు. దానికి అంకెలు చెబుతాను.

ఒక్కో జట్టు 20 సార్లు వేసిందనుకుందాం. పుస్తకం ప్రకారం మిశ్రమ ఫలితం (ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు) 10 సార్లు రావాలి, ఆ అమ్మాయి ప్రకారం దాదాపు 7 సార్లు. కానీ 20 వేతల్లో నాలుగైదు అటూ ఇటూ కావడం మామూలే. కాబట్టి ఒక జట్టుకు 7 వచ్చినా, ఇంకో జట్టుకు 12 వచ్చినా ఎవరూ గెలిచినట్టు కాదు.

ఇప్పుడు నలభై మంది పిల్లలు తలా పదిసార్లు వేసి అన్నీ కలిపారనుకోండి. మొత్తం 400. పుస్తకం ప్రకారం 200, ఆమె ప్రకారం 133. 400 వేతల్లో తేడా సాధారణంగా ఇరవైకి అటూ ఇటూ మించదు. 200 చుట్టూ ఊగేది 133 దగ్గరికి రావడం దాదాపు అసాధ్యం. కాబట్టి జట్ల ఫలితాలను విడివిడిగా వదిలేయకుండా బోర్డు మీద ఒకదాని కింద ఒకటి కూడుతూ పోవాలి. ప్రతి కూడికకూ భిన్నం లెక్కకట్టి గ్రాఫు గీయించండి. మొదట్లో గీత పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతుంది, పోనుపోను కుదురుకుంటుంది. ఆ కుదురుకోవడాన్ని పిల్లలు తమ చేతులతో గీయాలి. వేసి చూస్తే వచ్చే ప్రాయోగిక సంభావ్యతకూ, లెక్కకట్టి చెప్పే సైద్ధాంతిక సంభావ్యతకూ ఉన్న సంబంధం నిర్వచనం బట్టీ పడితే రాదు.

పాత పుటలు

ఆ అమ్మాయికి చెప్పండి, ఆమె వాదన కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో పెద్ద గణితవేత్త అయిన డాలంబేర్ 1754లో ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి రాసిన వ్యాసంలో ఇలాగే వాదించాడు. నాణేన్ని రెండుసార్లు వేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే సంభావ్యత ఎంత? మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టే, రెండోసారి వేయనక్కరలేదు. కాబట్టి ఫలితాలు మూడే: బొమ్మ, బొరుసు తర్వాత బొమ్మ, బొరుసు తర్వాత బొరుసు. మూడింటిలో రెండు అనుకూలం, జవాబు 2/3 అన్నాడు. సరైన జవాబు 3/4. ఆ మూడింటిలో మొదటిదాని బరువు సగం, మిగతా రెండింటి బరువు చెరో పావు. ఆ తేడాను ఆయన పట్టించుకోలేదు.

కలన గణితాన్ని నిర్మించినవాళ్ళలో ఒకడైన లైబ్నిజ్ కూడా రెండు పాచికలతో 11 పడడం, 12 పడడం సమానమే అనుకున్నాడు. 12కు 6, 6 ఒక్కటే దారి. 11కు 5, 6 ఒకటి. 6, 5 ఇంకొకటి. అంటే 36లో 2, 36లో 1.

ఈ రెండు పొరపాట్లూ, మన అమ్మాయి వాదనా ఒకే చోట నుంచి వచ్చాయి. వాళ్ళంతటి వాళ్ళు తడబడిన చోట పన్నెండేళ్ళ పిల్ల ఆగి ప్రశ్న వేసిందంటే అది నిజంగా ఆగవలసిన చోటే.

కృష్ణాతీరం (ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయుడు)

అందరి మాటలూ బాగున్నాయి గానీ, వారానికి ఎన్ని పీరియడ్లు ఉంటాయో మీకు తెలుసు. ఈ అధ్యాయానికి నాకు దొరికేవి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని. చెట్టు పటం (ప్రతి నాణేనికీ బొమ్మ, బొరుసు అని రెండేసి కొమ్మలు చీలే పటం) గీస్తాను, నాలుగు కొమ్మలు చూపిస్తాను, లెక్కలు చేయిస్తాను. పిల్లలు పరీక్షలో సరిగ్గానే రాస్తున్నారు. తరగతి మొత్తం 400 సార్లు నాణేలు ఎగరవేస్తుంటే పక్క గది టీచరు ఊరుకుంటారా? పైగా పెద్ద గణితవేత్తలు కూడా పొరబడ్డారని చెబితే బలహీనంగా ఉన్న పిల్లలు ఇంకా బెదిరిపోతారు.

పలకబలపం

కృష్ణాతీరం గారూ, పీరియడ్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. చెట్టు పటం నేనూ గీయించాను, అది మంచి పరికరమే. కానీ ఒక పరీక్ష పెట్టి చూడండి. చెట్టు పటంతో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను ఇలా అడగండి: "ఒక సంచిలో 3 గోళీలు, అందులో 2 ఎర్రవి. ఇంకో సంచిలో 7 గోళీలు, అందులో 4 ఎర్రవి. కళ్ళు మూసుకుని ఎర్ర గోళీ తీయాలి. ఏ సంచి ఎంచుకుంటావు?" ఎక్కువ ఎర్ర గోళీలు ఉన్నాయని రెండో సంచి వైపు చెయ్యి చాపేవాళ్ళు తప్పకుండా ఉంటారు. 2/3 అంటే 66 శాతం పైన, 4/7 అంటే 57 శాతం పైన. ఆ పిల్లలకు భిన్నాల పోలిక వచ్చు, చెట్టు పటమూ వచ్చు. ఆ భిన్నం దేన్ని కొలుస్తున్నదో మాత్రం పట్టుబడలేదు. దాన్ని పట్టించడానికి ఒక పీరియడు ఖర్చుపెడితే తర్వాత రెండు పీరియడ్లు మిగులుతాయి.

చప్పుడు సంగతి అంటారా, నాణేన్ని చేతిలో పట్టుకోమనండి, లేదా మడతపెట్టిన తువ్వాలు మీద పడేలా వేయించండి.

గవ్వలాట (రాజమహేంద్రవరం)

నాణెం, పాచిక తప్ప ఇంకేదీ కనిపించని పాఠం ఇది. మన పిల్లల ఇళ్ళలో అష్టాచెమ్మా ఉంది. నాలుగు గవ్వలు వేస్తాం. నోరు పైకి పడిన గవ్వలను లెక్కపెడతాం. ఒకటైతే ఒకటి, రెండైతే రెండు, మూడైతే మూడు, నాలుగూ పైకి పడితే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. చెమ్మ పడినా అష్టా పడినా మళ్ళీ వేసే అవకాశం. కొన్ని ఊళ్ళలో నియమాలు కొంచెం మారుతాయి.

ఆ అమ్మాయి పద్ధతిలో చూస్తే ఫలితాలు అయిదు కాబట్టి ఒక్కోదానికి 1/5 రావాలి. కానీ ఆడిన ప్రతి పిల్లకూ తెలుసు, రెండు పడినంత తరచుగా అష్టా పడదు. పడదు కాబట్టే పడితే అంత సంబరం. ఇక్కడ టీచరు చెప్పనక్కరలేదు, అనుభవమే చెబుతుంది. గవ్వ బోర్లా పడడం, నోరు పైకి పడడం సమానం అనుకుంటే మొత్తం 16 విధాలు. ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మకు 1, అష్టాకు 1.

అసలు రుచి ఆ తర్వాత ఉంది. గవ్వకు ఒకవైపు ఉబ్బెత్తు వీపు, ఇంకోవైపు చీలిక. రెండు వైపులూ సమానం అని ఎవరు చెప్పారు? నాణెం విషయంలో దాని ఆకారం చూసి సగం సగం అన్నాం. గవ్వకు ఆ వీలు లేదు. వేసి చూడాల్సిందే. ఉదాహరణకు, నోరు పైకి పడే అవకాశం పదికి నాలుగే అనుకోండి. అప్పుడు చెమ్మ సంభావ్యత 0.4ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 0.0256. అష్టా సంభావ్యత 0.6ను నాలుగుసార్లు గుణిస్తే 0.1296. అంటే అష్టా చెమ్మకంటే అయిదు రెట్లు సులభం! మీ ఇంటి గవ్వలు ఎలాంటివో తేల్చుకోవడానికి సూత్రం ఏదీ లేదు. ప్రాయోగిక సంభావ్యత ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు కనిపించలేదు. గవ్వలు దొరకకపోతే బద్దలు చేసిన చింతపిక్కలు వాడండి. అవీ రెండు వైపులా ఒకేలా ఉండవు.

బడిగంట

గవ్వలాట గారూ, ఇది చదవగానే రేపటి పాఠం మారిపోయింది. ఒక సందేహం. పాచికలు, గవ్వలు, పేకముక్కలు తరగతిలోకి తెస్తే జూదం నేర్పుతున్నారని కొందరు తల్లిదండ్రులు అంటారు. పైగా పుస్తకాల్లో పేకముక్కల లెక్కలు చాలా ఉంటాయి. 52 ముక్కలు, నాలుగు గుర్తులు, బొమ్మ ముక్కలు 12 అని నా తరగతిలో ఆడపిల్లలకు అసలు తెలియదు. ఇస్పేటు ఏదో, కళావరు ఏదో గీసి చూపించడానికే పీరియడు అయిపోతుంది.

డల్లాస్ తెలుగింటి

టీచర్ గారూ, పేకముక్కల విషయంలో మీ బాధ నాకు అర్థమైంది. పేక చూడని పిల్ల ఆ లెక్క తప్పితే అది గణితం రాక తప్పినట్టు కాదు. మా అమ్మాయికి ఇక్కడ కూడా సంభావ్యత ఏడో తరగతిలోనే వచ్చింది. ఆమె టీచరు మొదలుపెట్టింది వాతావరణ సూచనతో. "రేపు వాన పడే అవకాశం 30 శాతం" అంటే ఏమిటని అడిగితే పిల్లలు రకరకాలుగా చెప్పారట: ఊళ్ళో 30 శాతం చోట్ల పడుతుంది, రోజులో 30 శాతం సేపు పడుతుంది, 30 శాతమే కాబట్టి పడదు. అమెరికా వాతావరణ సేవ చెప్పే దాని అర్థం వేరు. సూచన ఇచ్చిన ప్రాంతంలో ఏదో ఒక చోట నిలబడితే, అక్కడ కనీసం 0.01 అంగుళం వాన పడే అవకాశం అంత అని.

ఆ సూచన సరైనదో కాదో ఒక్క రోజు చూసి చెప్పలేం. 30 శాతం అన్న రోజులన్నీ కలిపి, వాటిలో పదికి మూడు రోజులు వాన పడిందా అని చూడాలి. గోడమీద కాగితం అంటించి పిల్లలచేత రోజూ నమోదు చేయిస్తే ఇందులో పేకా లేదు, పాచికా లేదు.

చీటీల డబ్బా (సర్కారు బడి, నల్గొండ జిల్లా)

జూదం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నా తరగతిలో పనులు పంచడానికి చీటీలు వేస్తాం. ప్రతిసారీ ఒకటే తగువు: ముందు తీసేవాళ్ళకే లాభం అని కొందరు, చివరిదాకా ఆగితేనే లాభం అని కొందరు. ఆ తగువే నేను పాఠం చేసుకున్నాను.

అయిదు చీటీలు, ఒకదాంట్లో గుర్తు. మొదటివాడికి 1/5, అందరూ ఒప్పుకుంటారు. రెండోవాడికి? మొదటివాడు తీసేశాక నాలుగే మిగులుతాయి కాబట్టి 1/4 అంటారు. ఆగండి, రెండోవాడికి గుర్తు రావాలంటే ముందు మొదటివాడికి రాకుండా ఉండాలి కదా. ఆ అవకాశం 4/5. ఆ తర్వాతే 1/4. రెండూ గుణిస్తే మళ్ళీ 1/5. మూడోవాడికి 4/5, 3/4, 1/3 గుణించండి. కొట్టివేతలు చేసుకుంటూ పోతే మళ్ళీ 1/5. పిల్లలు ఆ కొట్టివేతలు చూసి కేరింతలు కొడతారు, భిన్నాల గుణకారం అంత ఇష్టంగా చేయడం నేను ఇంకెక్కడా చూడలేదు. అందరూ చీటీలు తీసుకుని, ఎవరూ విప్పకుండా, చివర్లో ఒకేసారి విప్పితే వరుసకు అర్థమేమైనా ఉంటుందా అని అడిగితే లెక్క రాని పిల్లకు కూడా సంగతి అందుతుంది.

ఇందులో డబ్బు పందెం లేదు. న్యాయంగా పంచడం ఎలా అన్నదే ప్రశ్న. అలా చెబితే తల్లిదండ్రులూ అభ్యంతరపెట్టరు.

పాత పుటలు

చీటీల డబ్బా గారు న్యాయంగా పంచడం అన్నారు. ఈ శాస్త్రం పుట్టుక కూడా ఆ ప్రశ్నలోనే ఉంది. 1654లో ఫ్రెంచి గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నది ఆగిపోయిన ఆటలో సొమ్ము ఎలా పంచాలన్న దాని మీద. ఇద్దరు చెరో 32 నాణేలు పెట్టారు, ముందు మూడు ఆటలు గెలిచినవాడికి 64. ఒకడు రెండు, ఇంకొకడు ఒకటి గెలిచాక ఆట ఆగింది. 48, 16గా పంచాలని పాస్కల్ తేల్చాడు. మిగిలిన రెండు ఆటలనూ ఆడినట్టే ఊహించి నాలుగు విధాలు లెక్కపెట్టడం ఫెర్మా పద్ధతి. మొదటి ఆటతోనే తేలిపోతే రెండోది ఎందుకు లెక్కపెట్టాలని రొబెర్వాల్ అనే గణితవేత్త అభ్యంతరం చెప్పాడు. చూశారా, డాలంబేర్ మాట వందేళ్ళ ముందే వినిపించింది.

మధురవాడ గ్యాలరీ (విశాఖపట్నం)

మగపిల్లలకు చెప్పాలంటే టాస్ గురించి మాట్లాడండి (ఆడపిల్లలకు కూడా, ఇప్పుడు వాళ్ళే ఎక్కువ చూస్తున్నారు). 2023 నవంబరు 19న అహ్మదాబాదులో ప్రపంచ కప్పు ఫైనల్ నుంచి మన పురుషుల క్రికెట్ జట్టు వన్డేల్లో టాస్ ఓడుతూనే వచ్చింది. 2025 మార్చి 9న దుబాయిలో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ నాటికి వరుసగా 15. ఆ తర్వాత ఇంకా సాగి 20కి చేరింది. చివరికి 2025 డిసెంబరు 6న మా విశాఖలో కె.ఎల్.రాహుల్ టాస్ గెలిచాడు.

ఇరవై సార్లు వరుసగా ఓడడం అంటే రెండును ఇరవైసార్లు గుణించాలి: 10,48,576లో ఒకటి. అందుకే ఆ రోజు గెలుస్తామని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఎప్పటికైనా సరిసమానం కావాలి కదా? సగటు సూత్రం అదే చెబుతుంది. గణాంకి గారూ, పిల్లలకు ఇలా చెప్పవచ్చా?

గణాంకి

మధురవాడ గారూ, ఉదాహరణ చాలా బాగుంది. ముగింపు మాత్రం అలా చెప్పవద్దు. 10,48,576లో ఒకటి అన్నది మొదటి టాస్‌కు ముందు నిలబడి, రాబోయే ఇరవై గురించి అడిగితే వచ్చే జవాబు. ఇరవై అయిపోయాక ఇరవై ఒకటోదాని సంభావ్యత సగమే. గతం నాణేనికి గుర్తుండదు.

"మరి సరిసమానం ఎలా అవుతుంది?" అన్నది మంచి ప్రశ్న, పిల్లలు తప్పక అడుగుతారు. నాణెం బాకీ తీర్చదు. ఇరవై ఓటముల తర్వాత 1,000 టాస్‌లు వేసి అందులో సరిగ్గా సగం, 500 గెలిచామనుకోండి. మొత్తం 1,020లో 500, అంటే 49 శాతం. 10,000 వేసి 5,000 గెలిస్తే మొత్తం 10,020లో 5,000, అంటే 49.9 శాతం. ఆ ఇరవై ఓటములు ఎక్కడికీ పోలేదు, వాటికి బదులుగా అదనపు గెలుపు ఒక్కటీ రాలేదు. పెద్ద సంఖ్యలో కలిసి పలచబడ్డాయి, అంతే. ఈ రెండు భాగహారాలు పిల్లలచేత చేయించండి.

నిజంగా వేసి చూసినవాళ్ళు ఉన్నారు. ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫాన్ 4,040 సార్లు వేస్తే 2,048 బొమ్మలు. ఆంగ్ల గణాంకవేత్త కార్ల్ పియర్సన్ 24,000 సార్లు వేస్తే 12,012. దక్షిణాఫ్రికా గణితవేత్త కెరిక్ 1940లో జర్మనీ డెన్మార్కును ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకుని నిర్బంధ శిబిరంలో ఉండగా 10,000 సార్లు వేశాడు, 5,067 బొమ్మలు. బయట యుద్ధం జరుగుతుంటే ఆ మనిషి కూర్చుని ఒక్కో ఫలితాన్ని రాసుకున్నాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇంకో మాట. నాణెం కూడా పూర్తిగా సగం సగం కాదు. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో 3,50,757 సార్లు నాణేలు ఎగరవేసి చూస్తే, ఎగరవేసే ముందు పైన ఉన్న వైపే మళ్ళీ పైకి వచ్చినవి 50.8 శాతం. తరగతి గదికి ఈ తేడా లెక్కలోది కాదు. కానీ "సమసంభవం అనుకుందాం" అని ఎందుకు అంటామో పెద్ద తరగతుల పిల్లలకు చెప్పడానికి పనికివస్తుంది.

బడిగంట

అందరికీ కృతజ్ఞతలు. పలకబలపం గారు చెప్పినట్టు రూపాయి, ఐదు రూపాయల బిళ్ళలతో మొదలుపెట్టి, జోస్యాలు రాయించి, గణాంకి గారు చెప్పినట్టు అందరి ఫలితాలూ కూడించాను. మిశ్రమ ఫలితం సగానికి దగ్గరగా వచ్చి అక్కడే నిలిచింది, మూడో వంతు వైపు పోలేదు. ఆ అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చి కూడికలు తానే సరిచూసింది. ఇప్పుడు ఆమె కొత్త ప్రశ్న: "మూడు నాణేలైతే? ప్రతిసారీ ఎగరవేసి చూడాలా, ఒక్కటీ మరచిపోకుండా అన్ని విధాలూ రాసే పద్ధతి ఉందా?" చెట్టు పటం చూపిస్తాను. ఇంకేదైనా ఉందా?

ప్రస్తారం (తెలుగు ఉపాధ్యాయుడు, కడప)

నేను లెక్కల వాణ్ణి కాను, ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. టీచర్ గారూ, మీ ప్రశ్నకు జవాబు మా పీరియడులో ఉంది. బొమ్మను గురువు అనుకోండి, బొరుసును లఘువు అనుకోండి.

రెండక్షరాల గణాలు ఎన్ని? గగం, హగణం, వగణం, లలం. నాలుగు. హగణం గురువు తర్వాత లఘువు, వగణం లఘువు తర్వాత గురువు. రెండింటిలోనూ ఒక గురువు, ఒక లఘువే ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటే అని ఛందస్సులో ఎవరైనా అంటే పద్యం కుంటుతుంది. మీ అమ్మాయి మొదటి ప్రశ్నకు ఇదే జవాబు.

మూడక్షరాల గణాలు ఎనిమిది: య, మ, త, ర, జ, భ, న, స. మూడు నాణేల ఫలితాలూ ఆ ఎనిమిదే. మూడూ గురువులు మగణం. మూడూ లఘువులు నగణం. ఒకే గురువు ఉన్నవి భగణం, జగణం, సగణం, మొత్తం మూడు. రెండు గురువులు ఉన్నవి యగణం, రగణం, తగణం, మళ్ళీ మూడు. అంటే 1, 3, 3, 1. సరిగ్గా ఒక బొమ్మ పడే సంభావ్యత 3/8. కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత నగణం తప్ప మిగిలినవన్నీ, 7/8. నాలుగు అక్షరాలకు ప్రస్తారం వేస్తే, అంటే గురులఘువుల వరుసలన్నీ క్రమంగా రాస్తే, పదహారు వరుసలు వస్తాయి, గురువుల లెక్కన 1, 4, 6, 4, 1. గవ్వలాట గారు చెప్పిన అష్టాచెమ్మా అంకెలు అవే.

ప్రాచీన సంస్కృత ఛందోవేత్త పింగళుడి ఛందస్సూత్రాలకు పదో శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు ఈ అంకెలను మేరు ప్రస్తారం పేరుతో వివరించాడు. గణితంలో దాన్నే పాస్కల్ త్రిభుజం అంటున్నారని విన్నాను. ప్రస్తారం వేసే నియమం తెలిస్తే ఒక్క వరుస కూడా తప్పిపోదు. మొదటి వరుస అన్నీ గురువులే. ప్రతి కొత్త వరుసకూ పై వరుసలో ఎడమనుంచి మొదటి గురువు కింద లఘువు పెట్టండి. దానికి కుడివైపున పైన ఉన్నట్టే దించండి. ఎడమవైపు మిగిలిన చోటంతా గురువులతో నింపండి. అన్నీ లఘువులు అయ్యేదాకా సాగించండి.

కృష్ణాతీరం

ప్రస్తారం గారూ, దీనికి మాత్రం నేను పీరియడు ఇస్తాను. మా బడిలో తెలుగు టీచరుతో మాట్లాడి ఇద్దరం కలిసి ఒకే తరగతిలో చెబుతాం. ఎనిమిదో తరగతివాళ్ళకు గణాలు ఎటూ వచ్చు, చెట్టు పటం కన్నా వాళ్ళకు ఇదే తొందరగా పట్టుబడుతుంది.

గవ్వలాట

బడిగంట గారూ, గవ్వలతో చేయించినప్పుడు ఫలితాలు ఇక్కడ పెట్టండి. నాలుగు గవ్వలూ కలిపి వేసేముందు ఒక్కో గవ్వను విడిగా వేయించండి, ఎందుకంటే నాలుగూ ఒకేలా ఉండవు. వాటికి రంగు చుక్కలు పెడితే ఏ గవ్వ ఎన్నిసార్లు నోరు పైకి పడిందో విడివిడిగా తెలుస్తుంది. చాప మీద వేశారా, గచ్చు మీద వేశారా, అది కూడా రాయండి. నేనూ మా వీధి పిల్లలతో ఈ ఆదివారం మొదలుపెడుతున్నాను. చెమ్మ ఎక్కువగా పడుతుందో, అష్టా ఎక్కువగా పడుతుందో చూసి రెండు ఊళ్ళ అంకెలూ పక్కపక్కన పెడదాం.